ఎత్తు బాకీ

డరమ్‌లో, నది మెలిక తిరిగేచోట,
ఓ పాత కాలేజీ నేలమాళిగలో
నా ఉద్యోగం తుప్పు పీకడం.

నిజంగా అంతే.
కాగితాల్లోంచి గుండుసూదుల్ని మెల్లగా లేపి
జామ్ సీసాలో వేస్తాను.
తొంభై ఏళ్లు రెండు పేజీల్ని విడిపోనివ్వని సూది
సీసా అడుగున టిక్కుమంటుంది.
మచ్చ మాత్రం కాగితం మీదే ఉండిపోతుంది.
దాన్ని తుడవకూడదని మారియన్ మొదటి రోజే చెప్పింది.
ఇంకా చెప్పింది:
పెన్ను వద్దు, పెన్సిలే. టీ వద్దు.
అభిప్రాయాలు వద్దు.

ఈ వారం విద్యార్థి సంఘాల పెట్టెలు.
గంటలు మోగించేవాళ్ల సంఘం. పడవల సంఘం.
నాచు ఏరుకొచ్చేవాళ్ల సంఘం, వాళ్ల మినిట్స్ పుస్తకంలో
ఎవరో దాచిన నాచు ఇంకా ఉంది,
పచ్చగా కాదు గానీ, మొండిగా.
పొద్దుటి గంజి బాగాలేదని పుట్టి
గంజి బాగుపడ్డాక కూడా ఆరేళ్లు సమావేశమైన సంఘం ఒకటి.
వక్తృత్వ సంఘం 1911లో
ఆడవాళ్లను చేర్చుకోవాలా అని రాత్రి పదకొండు దాకా వాదించి
కొవ్వొత్తులు అయిపోయినందున వాయిదా వేసింది.
మళ్లీ కొవ్వొత్తులు కొన్న రసీదు
ఎనిమిదేళ్ల దాకా కనబడదు.

గొప్పవాళ్లయినవాళ్ల పటాలు పైన భోజనశాలలో ఉన్నాయి.
ఇక్కడున్నది చందా కట్టనివాళ్లు.
'మిస్టర్ ప్రౌడ్‌లాక్, రెండు షిల్లింగులు,
మూడోసారి గుర్తుచేయడమైనది.'
ఆ రెండు షిల్లింగులూ కట్టేసి ఉంటే
ప్రౌడ్‌లాక్ అనే మనిషి ఉన్నట్టు నాకు తెలిసేదే కాదు.

ముప్పై ఏడో పెట్టె, చదరంగం సంఘం.
చివరి పేజీ 1939 అక్టోబరు:
'హాజరు, కార్యదర్శి.
కార్యదర్శి ప్రతిపాదించగా, కార్యదర్శి బలపరచగా,
సంఘం రద్దయినది.'
సంతకం కత్‌బర్ట్ హెసల్టైన్. ఒక్క అక్షరమూ వణకలేదు.

ఆ పేజీకి సూది. సూదికి ఒక పోస్టుకార్డు.
బందరు ముద్ర, డిసెంబరు.
ఇక్కడ చదివి వెళ్లిన పసుమర్తి నరహరి
ఏడాదిన్నరగా పోస్టులో ఆడుతున్న ఆట.
పదకొండో ఎత్తు, నల్లపావులు.
ఇంగ్లీషులో గడి రాసి, అది చాలదన్నట్టు
మూలన చీమతలంత తెలుగులో
'మంత్రి కదిలాడు. చూసుకో.'

హెసల్టైన్‌కి తెలుగు వస్తుందా?
వెనక్కి తిప్పాను. 1936లో ఒకే ఒక్క వాక్యం:
'రాణి అసలు పేరేమిటన్న విషయమై
మిస్టర్ పసుమర్తితో సుదీర్ఘ చర్చ. తీర్మానం లేదు.'

సంఘమే లేని సంఘానికి వచ్చిన కార్డుని
ఈ పేజీకి గుచ్చిందెవరో.

మూడింటికి ఇమోజెన్ వచ్చింది, చంకలో అట్టపెట్టె.
మా బోర్డు గేముల సంఘం మూసేశాం, తీసుకుంటారా?
మినిట్స్ ఉన్నాయా?
అన్నీ గ్రూపులో ఉండేవి. పాస్‌వర్డు టోబీ దగ్గర.
టోబీ ఎవరితోనూ మాట్లాడ్డం లేదు.
పెట్టెలో పిజ్జా బిల్లు, నాలుగు బ్యాడ్జీలు,
ఒక చదరంగం. తెల్లవాటిలో రాణి లేదు,
బదులుగా లిప్‌బామ్ డబ్బా.

మారియన్ బస్సు ఐదుంపావుకి.
ఐదున్నరకి బల్ల మీద గళ్లు పరిచాం.
అతని ఎత్తులు కార్డుల్లోంచి, ఇతనివి మినిట్స్‌లోంచి
ఒక్కొక్కటే చదువుతున్నాను, ఇమోజెన్ జరుపుతోంది.
పదకొండు అయ్యేసరికి
బందరు మంత్రి మా లిప్‌బామ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.
ఇమోజెన్ చాలాసేపు చూసింది.
మనదే ఎత్తు, అంది. మనది అంది.

కేటలాగులో 'స్థితి' అని ఒక గడి ఉంటుంది.
బాగుంది, చిరిగినది, తడిసినది,
ఈ మూడింట్లో ఒకటి రాయాలి.
'ఆట నడుస్తోంది' అని రాశాను.

మారియన్ ఇంకా చూడలేదు.
పెన్సిలే కదా.