మూడున్నర దాటాక

మూడున్నరకి గంట.
మూడూ నలభైకి నేనూ నా చీపురూ.
ఈ గదిలో ఏం చెప్పారో నాకెవరూ చెప్పరు.
నేల చెబుతుంది.

సోమవారం ఇసుక.
తలుపు నుంచి సింకు దాకా,
ఎవరో మరిచిపోయిన ఎర్ర బూటు లోపల కూడా.
ట్రేలో వేలితో రాసిన ఒకే అక్షరం
పాములా మెలి తిరిగి, పదిహేడు సార్లు.
రెండు పాములు మాత్రం
వచ్చిన దారి మరిచినట్టు వెనక్కి చూస్తున్నాయి.
చెరపడం నా పనే.
ఆ ట్రే జోలికి పోలేదు.

మంగళవారం త్రాసు.
ఒక పళ్ళెంలో బంగాళాదుంప,
రెండో దాన్లో పదకొండు పలక ముక్కలు.
ఇక్కడ కాలు పెట్టిన చోటల్లా పలకే.
మా తాత ఆ కొండని పొరలు పొరలుగా విప్పేవాడు,
పుస్తకం పుటలు తిప్పినట్టు.
ఆయనకి చదువు రాదు.
వేల్స్ ఇళ్ళ కప్పులకి సగం,
ఓడలెక్కి ఏ దేశం పిల్లల ఒళ్ళోకో సగం.
కొండ ఇప్పుడు ఏమీ ఇవ్వదు.
వీళ్ళు తెల్లబోర్డు మీద రాసి
చొక్కా చేతులతో తుడిచేస్తారు.
వాళ్ళమ్మలు ఉతుక్కుంటారు.

బుధవారం వాన. ఆట లేదు.
నేలంతా జిగురు, కత్తిరించిన కాగితం పొలుసులు,
ఒకే ఒక్క చేప.

ఎమ్రిస్ గురించి చెప్పలేదు కదూ.
రొట్టెల కొట్టు మూసి నాయనమ్మ వచ్చేసరికి నాలుగు దాటుతుంది.
అందాకా నాతోనే.
నేను ఊడ్చేకొద్దీ వాడు కుర్చీలు జరుపుతాడు,
నేను అడగను, వాడు అనడు.
సెప్టెంబరు నుంచి ఈ గోడలు వాడి గొంతు ఎరగవు.
ఇంట్లో అయితే గలగలా పారతాడట.
మెరెరిడ్ టీచర్ హాజరు పిలిచినప్పుడు
చెయ్యెత్తుతాడు. అంతే.
పలకల కొండ కింద పలకని పిల్లాడని
పాల బండి ముసలాయన నవ్వబోయాడు ఒకసారి.
నేను నవ్వలేదు. ఆయనా ఆపేశాడు.

గురువారం నత్తలు.
గాజు సీసా మీద చీటీ: ఐదు.
లోపల చూస్తే నాలుగు.
ఎమ్రిస్ నా కొంగు లాగాడు, అంటే ఏప్రాన్ అంచు,
గోడకేసి చూపించాడు.
అంకెల పట్టీ మీద వెండి చార:
ఏడు దాటి, తొమ్మిది మీంచి,
పన్నెండుకీ పదమూడుకీ మధ్య ఆగిపోయింది,
ఇక ముందు లెక్క రాదన్నట్టు.
కుర్చీ ఎక్కించాను. రెండు వేళ్ళతో తీశాడు.
సీసాలో వదిలి, మూతి దానికానించి
ఒకటి, అన్నాడు. రెండు.
నాతో కాదు. నత్తలతో.
నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.
మూడు, నాలుగు.
ఐదు దగ్గర సీసాకి ఆవిరి పట్టింది.

టీచర్‌కి చెప్పాలా?
రాత్రంతా అదే. చెబితే రేపు చప్పట్లు కొడతారు,
చప్పట్లకి నత్తలేం చేస్తాయో నాకు తెలుసు.

శుక్రవారం తళుకులు.
గ్వెన్లియన్‌కి ఐదేళ్ళు నిండాయట,
అట్టముక్క కిరీటం చెత్తబుట్టలో.
తళుకులు చీపురికి లొంగవు, గుడ్డకి లొంగవు.
ఆదివారం ప్రార్థనలో నా మోచేతి మీద మెరుస్తాయి.
కిటికీ అంచున వరసగా పలక ముక్కలు,
సుద్దతో ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నవి.
ఒకటి మాత్రం బోర్లా ఉంది.
తిప్పి చూడలేదు.
దాని చుట్టూ తుడిచాను.

నాలుగూ పదికి నాయనమ్మ, చేతులకి ఇంకా పిండి.
నేను తాళం వేస్తుంటే వాన మొదలైంది.
ఈ వారం ఏం చేశార్రా, అని అడుగుతోంది.
జవాబు వాన చప్పుడులో నాకందలేదు.
చిన్నది మాత్రం కాదు.
వాళ్ళు మలుపు తిరిగేదాకా
అది అవనే లేదు.