ఫిరంగి

ఫైలకా దీవిలో పొద్దు
సముద్రంలోంచి కాదు, దుమ్ములోంచి పొడుస్తుంది.
సాల్మియా పడవ దిగి
తూటా బొక్కల బ్యాంకు గోడ దాటి
అల్ ఖుసూర్ చేరేసరికి
నా చొక్కా రెండోసారి తడిసి ఆరుతుంటుంది.

పనంటే, మట్టి తీయడం.
గరిటెడు. గరిటెడే.
గునపం పట్టిన చేతికి బ్రష్షు ఇస్తే
ఏనుగుని సూదిలో దారం ఎక్కించమన్నట్టుండేది మొదట్లో.
రయీసు బదావీ, నైలు ఒడ్డు మనిషి,
తాతలనాటి నుంచీ సమాధులు తవ్విన వంశం,
మడమల మీద గొంతుక్కూచుని నేర్పాడు:
"ఊపిరి బిగబట్టకు. మట్టికి తెలిసిపోతుంది."

డేరా కింద కొలతలు రాసుకునే ఫ్రాన్సు వాళ్ళని చూపించి
"ఇఫ్రంజ్" అంటాడతను.
ఆ మాట ఇక్కడ నా చెవిలో పడి
గుంటూరు జిల్లాలో లేచింది.
మాది ఫిరంగిపురం.
ఫిరంగి అంటే పేలేది అనుకున్నానిన్నాళ్ళూ,
కొండవీటి మీద ఎవరో గురిపెట్టి మర్చిపోయిన ఇనుము.
అదొక జాతి పేరని,
మా నాయనమ్మ కీళ్ళకి నూరుకున్న పరంగిచెక్కది కూడా
అదే ఇంటిపేరని
నాకెవరు చెప్తారు?

మధ్యాహ్నం ఖర్జూరాలు పంచుతూ
క్లోతిల్డ్ మేడమ్ తన పేరు కథ చెప్పింది,
సగం ఇంగ్లీషు, సగం చేతులు.
ఆ పేరుతో ఒక రాణి ఉండేదట, ఫ్రాంకుల రాజు పెళ్ళాం.
మొగుణ్ణి పోరింది, పోరింది. వినలా.
యుద్ధంలో ఓడిపోయే గడియకి
నీ దేవుడు గెలిపిస్తే చూద్దాంలే అన్నాట్ట.
బేరమాడి మొక్కడం మనకే వచ్చనుకున్నా.
గెలిచాడు. పొడుగాటి జుట్టు తడిసేదాకా తల వంచాడు.
వెనక మూడువేల సైన్యం.
ఆ తలల్ని ఎవరూ అడగలేదు.

మూడొందల ఏళ్ళకి, అదే జాతిలో ఇంకో రాజు
సాక్సన్లని లొంగదీసి
నీళ్ళా, కత్తా అన్నాట్ట.
ఖర్జూరం గింజ ఇసుకలోకి నొక్కి
"అలా పెరిగాం మేం" అంది మేడమ్,
నా వైపు చూడకుండా.

ఇక్కడేమో రాజు లేడు.
ముత్యాల పడవలు, ఎండు చేప,
సురియానీలో గొణుక్కునే కొందరు సన్యాసులు.
గచ్చులో పోతపోసిన సిలువ
నా బ్రష్షు కింద సగం తేలింది.
మిగతా సగం ఉప్పు తినేసింది.

వీళ్ళ తోటివాళ్ళు మిరియాల దారిన
మీ దేశం దాకా వచ్చేవాళ్ళు తెలుసా, అందామె.
నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.
ఇంత దగ్గర, చేపల వాసనేసే దేవుడు
మా పేటకి రాకుండా
ఆ కత్తుల దేశం చుట్టి, ఓడలెక్కి,
తుపాకిమందు పక్కన పడుకుని
రావాల్సొచ్చిందేం?
వచ్చినాయన్నే కదా నేను మోకరించి అడుగుతుంట,
వీసా కాగితం, చెల్లి కాన్పు, అన్నీ.

"నీ పేరుకి అర్థం ఏంటి?"
రాయప్ప. రాయి. పేతురు.
"అయ్యో, మా తాత పియెర్. ఆయనా రాయే!"
నవ్వుతూనే సంచీ మీద రాసింది
దొరికిన చోటు, లోతు, తేదీ.
తీసినవాడి పేరుకి అందులో గడి లేదు.

రయీసు ఈల వేశాడు. పడవ వేళ.
శుక్రవారం పూజకి సిటీ గుళ్ళో
మెట్ల మీదైనా చోటు దొరకదు, తొందరగా వెళ్ళాలి.
క్యాంపులో నీళ్ళు అరగంటే వదుల్తారు.
గోళ్ళలో ఆ గచ్చు సున్నం తెల్లగా ఇంకా ఉంది.
కుళాయి తిప్పాను.
వెనక క్యూలో ఎవరో అరిచేదాకా
చేతులు పక్కకి పెట్టుకుని
నీళ్ళని చూస్తూ నిలబడ్డాను.