ఈ ఏడు మొగ

ఋషికుల్య ఎక్కడ సముద్రంలో పడుతుందని అడిగితే
మా పిన్ని గున్నమ్మ
"ఏ ఏడు సంగతి?" అంటుంది.

ఆవిడ కాపరానికొచ్చిన ఏడు
మొగ సరిగ్గా ఉప్పుమళ్ళ ఎదట.
వల భుజాన వేసుకుని పదడుగులేస్తే పడవ.

నైరుతి గాలి తగిలాక
దక్షిణపు ఇసుక
కెరటం కిందో గుప్పెడు, కెరటం కిందో గుప్పెడు
ఉత్తరానికి బయల్దేరేది.
ఏటికి అడ్డంగా తిప్ప సాగేది,
సన్నగా, కొస మాత్రం లోపలికి ఒంగి,
గాలం ముల్లులా.
దారి మూసుకుపోయిన ఏరు
తిప్ప పక్కనే మైలు నడిచి అక్కడ పడేది.
చేపల గంపలతో వీళ్ళూ మైలు నడిచేవారు.

ఏదో ఒక వరదకి ఏటికి విసుగొచ్చి
మధ్యలో తెగ్గొట్టేది.
తెగిన ముక్క మీద ఒక మాఘమాసం
తాబేళ్ళొచ్చి గుడ్లు పెట్టుకుపోయాయి.
పై ఏడు ఆ ముక్క లేదు.

నాది బరంపురంలో తాపీ పని.
లారీ దిగిన ఇసుక జల్లెడ పడతాను.
అభ్రకం తళుకు, మినపగింజంత నత్తగుల్ల,
ఎవరిదో గాజుముక్క.
ఆస్కా ఎగువది కావచ్చు.
ఇంకో నాలుగు వానలకో, పది వానలకో
దొర్లుకుంటూ
మా పిన్ని గుమ్మం ముందుకి రావలసింది.

లారీకి ఎన్ని గంపలో ఒకసారి లెక్క మొదలెట్టాను.
నూట అరవై దగ్గర
పైనుంచి దైతారి మేస్త్రీ కేకేశాడు: "బాలి! బాలి!"
బడిలో బాలి, ఇంట్లో ఇసుక.
ఏ పేరుతో పిలిచినా బొచ్చెలోకి ఎత్తాలిసిందే.
ఎత్తాను.
మూడో అంతస్తు శ్లాబు ఆ రోజే పడాలి.

కిందటి కార్తీకంలో పిన్ని వాళ్ళ వరస పోయింది.
కెరటం గోడని ముట్టుకోలేదు,
కింది ఇసుకని తీసుకుంది, అంతే.
గోడ కాసేపు నిలబడే ఉంది,
కూచోడానికి చోటు చూసుకుంటున్నట్టు.
అటక మీది చెక్కపెట్టె దించే వేళ దొరికింది.
రోలు దొరకలేదు.

మొన్న వెళ్ళాను.
రేకుల పాకలో పులుసు వడ్డిస్తూ అడిగింది:
"నువ్వు కట్టిన మేడకి బీటలొచ్చినాయేట్రా?"
"లేదు పిన్నీ. గుండు కట్టి చూసుకుంటాం."
"అయితే ఇంక నడవదన్నమాట."

ఇసుకనే అందో, నన్నే అందో.

తెల్లారకముందే లేచి
చుట్ట కుదురు తలకి పెట్టుకుని
గంప ఎత్తుకుంది.
ఈ ఏడు మొగ
రెండు మైళ్ళ అవతల.