మచ్చరాయి

సైదాపురం రోడ్డులో రేకుల షెడ్డు.
ఒకే గోతం మీద పద్దెనిమిదేళ్లు కూచున్నాం
నేనూ మస్తానమ్మా.
పెళ్ల అంచున కత్తి మొన ఆనించి
ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు.
కాకిబంగారం పొర లేచేది
ఉల్లిపొరకన్నా పల్చన.
నాకు కండ్లతో చూస్తే గానీ తెలీదు.
దానికి వేలికొసతో తెలిసేది
యాడ చీలతాదో, యాడ మొండికేస్తాదో.

ముందు వేళ్ల కణుపులు వాచినాయి.
వాతం అన్నారు, వావిలాకు కాపడం పెట్టింది.
చెంపల మీద ఎర్రగా లేస్తే
ఎండకి కమిలిందిలే అన్నాం.
దువ్వెన నిండా జుట్టు.
చెప్పుకునేదానికి సిగ్గుపడి
ఇంటెనక కంపలో పారేసొచ్చేది.

బుధవారం. కూలి లెక్క రాసే రోజు.
మేస్త్రీ పేరు పిలిస్తే పలకలా.
తన ఎడం చెయ్యిని కుడిచేత్తో ఎత్తి పట్టుకోని
"ఎవరిదే చెంగమ్మా ఈ చెయ్యి?
ఎవరో ఈడ మర్చిపొయ్యారు" అనింది.
నవ్వినాం.
నలుగురం నవ్వినాం, అది దాచిపెట్టి చెప్పలేను.
నవ్వు ఆగకముందే
కండ్లు పైకి పొయ్యి, పండ్లు గిట్టకరుచుకోని
కాళ్లు గోతాన్ని తంతా ఉంటే
పొరలన్నీ షెడ్డంతా ఎగిరినాయి
మిలమిలా.

తాళాల గుత్తి చేతిలో పెట్టారు. గాలి అన్నారు.
కసుమూరు దర్గా కాడ రెండు రాత్రులు పండుకున్నాం.
ఆ రెండు రాత్రులూ
ఉప్పుని దారం అనింది,
నన్ను వాళ్లత్త పేరు పెట్టి తిట్టింది,
గోడమీద చీమలు కూలి అడగతా ఉండాయి,
ఇచ్చి పంపించమనింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల.
"ఒంట్లో కాపలా ఉంటాది కదమ్మా
బయటి పురుగొస్తే కొట్టేదానికి.
ఆ కాపలా ఈమెనే దొంగ అనుకుంది.
కీళ్లని కొట్టింది, తోలుని కొట్టింది,
ఇప్పుడు మెదడు దాకా వచ్చింది."
చీటీ మీద లూపస్ అని రాసింది.
ఆ పేరు నాకు నోరు తిరగలా.
కానీ జబ్బేందో బుధవారమే చెప్పింది గదా
మస్తానమ్మ,
చెయ్యెత్తి మరీ.

మూడు రోజులు సీసాలు ఎక్కించారు.
నాలుగోనాడు నీళ్లు కావాలని
నీళ్లే అడిగింది.
డాక్టరమ్మ స్కానింగ్ ఫిల్మ్ కిటికీకి ఎత్తి పట్టింది.
నల్లటి రేకు. లోపల
అడ్డంగా కోసిన వక్కల్లాగా వరసగా తలకాయలు.
"ఈ తెల్లచుక్కలున్నాయే, ఇవీ..." అంటా ఉండంగానే
మంచం మీంచి చెయ్యి చాచిందిది.
మూల పట్టుకోని, వెలుతురుకి వాల్చి,
అంచుని బొటనేలి గోటితో మెల్లగా తడివింది
పొర యాడ లేస్తాదా అని.
లేవలా.
"మచ్చరాయి" అనింది.
"తేటరాయి రేటు రాదు. రెండో తట్టలో ఎయ్యి."

డాక్టరమ్మ నా పక్క చూసింది
ఇంకా కుదటపడలేదేమోనని.
లేదమ్మా, అన్నాను.
సరిగ్గానే చూసింది.

ఇప్పుడు మాత్రలకి మొకం ఉబ్బింది.
షెడ్డు వాకిలి దాకా గొడుగేసుకోనే వస్తాది.
కత్తి పట్టదు, ఏరిన పొరలు కాయితంలో చుడతాది.
ఒక్కోనాడు మాట సగంలో నిలబడిపోతాది
పెళ్లలో కత్తి ఇరుక్కున్నట్టు.
నేను మాట అందియ్యను.
తొందరపడి గుంజితే
పొర రాదు, పొట్టు వస్తాది.

నిన్న "జల్లెడ" అనేదానికి
నేను మూడు పెళ్లలు తీసిందాకా పట్టింది.
అవతల మేస్త్రీ కేకలేస్తా ఉండాడు.
ఎయ్యనీ.