ఇరవై ఎనిమిది, చుక్క

ఇరవై ఎనిమిది, దాని వెనకే జే.
ఇంతే మాట.
పిన్నుల ప్రింటరు చెవిన ఇది వేస్తే
అక్షరాలు నిలువుగా దిగుతాయని
జపానోళ్ల పుస్తకంలో నలభై మూడో పేజీ.

జూన్ నెల. చిత్తూరు అవతల గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు, వాటి కింద నిద్రపోయే డ్రైవర్లు.
తెల్లారేసరికి రెండొందల నలభై డ్రమ్ములు
చెన్నై రేవుకి పోవాల,
ఒక్కోదాని నడుముకీ నిలువు రాత చీటీ ఉండాల.

కొట్టినా.
గర్రుమని వచ్చిన కాగితం మీద
ఒక్కటీ నిలబడలేదు.
ఎడమకి ఒరిగి, వరసగా,
లోడు దించినాక షెడ్డులో వాలిన హమాలీల మాదిరి.
"ఏంది మే, నీ అక్షరాలకి నిద్దరొచ్చిందా?"
దొరసామన్న కాగితం చింపి, కుడికి తిప్పి
"ఓ" అన్నాడు.
అన్నీ లేచి నిలబడినాయి.

ఆ పెట్టెలో ఏడువేల దాకా అక్షరాలు కాపురముంటాయంట.
మన యాభై ఆరుకీ చోటు లేదు.
తెలుగు కావాలంటే చుక్కచుక్కగా బొమ్మ గీసి పంపాల,
పెండ్లికి మనిషి రాక ఫోటో వచ్చినట్టు.
నిలువు రాత మనకేమన్నా కొత్తా?
"స్త్రీ" అని రాసి చూడు:
నెత్తిన గుడిదీర్ఘం, కింద తావత్తు, చుట్టూ క్రావడి,
ఒక్క అక్షరమే మిద్దె మీద మిద్దె.

మూడున్నరకి డ్రమ్ముల చీటీలు అయిపోయినాయి.
టెంకలు తీసే ఆడోళ్ల కూలి చీటీలు మొదలుపెట్టినా.
నిద్దర కళ్లతో ఒకటి మరిచినా:
ఇరవై ఎనిమిది, చుక్క.
ఆ చుక్క పడితేనే అది జపాను మరిచేది.
లేకుంటే ఏ రెండక్షరాలు కనబడినా
జత కట్టి తన అక్షరం ఒకటి చేసుకుంటుంది.

ఇంగ్లీషులో కుప్పమ్మ పేరు ఎనిమిదక్షరాలు.
నాలుగై, పక్కకి పడుకోని వచ్చింది.
కింద కూలి అంకెలూ అంతే.

కొత్తది ఇస్తానంటే వినలేదు.
గుజ్జంటిన చెయ్యి కొంగుకి తుడిచి
దొరసామన్న తిప్పినట్టే తిప్పింది.
"ఇది నా పేరా? ఇంత పొడుగా మే నేను?"

దాని అర్థం ఏందో నాకు తెలీదు.
కూలి లెక్క వెనకవైపు పెన్నుతో రాసిచ్చినా.
నాలుగుసార్లు మడిచి రైకలో పెట్టుకుంది.
వెనక ఇంకా పదకొండుమంది, మెడలు సాచి,
"మాకీ అట్లే కొట్టు మే" అని.

చుక్క మీద వేలు పెట్టినా
నొక్కలేదు