రెండో విడత

మెయిన్ రోడ్డు బడికి
రంగులేసింది నేనే.
గోడంత పొడుగు రైలు,
పిల్లకో కిటికీ.

మా అనసూయ చదివేది
బోరబండ గుట్టెనక.
మూడు తరగతులకు ఒక్కటే గది,
తొంబై మూడు మంది.
దాని జాగ గడప.
సారు బయటికొస్తే లేస్తది,
లోపలికి పోతే లేస్తది,
లెక్క నడుమనే తెగుతది.

మీటింగుల లేసి అడిగిన.
"మీది రెండో విడతల ఉన్నదయ్యా" అన్నడు ఇంజనీరు.
మరి మొదటి విడత ఎట్ల ఎంచిన్రు సారూ?
ఫైలు మూసిండు.
"రోడ్డుకు కనబడాలె కదా."

అడుగున మిగిలిన నీలం డబ్బా
ఇంటికి తెచ్చుకున్న.
బిడ్డ మూత తీసి, వేలు ముంచి,
"నాయినా, ఆ రైల్ల
తలుపు కాడ ఎవరన్న కూసున్నరా?"

లేదు బిడ్డా.
అందరికీ సీట్లు గీయమన్నరు.

బ్రష్షు ఇంకా కిరసనాయిల్లనే ఉన్నది.
ఎండనియ్యలే.