ఉప్పు కడగడం

దాళ్వా పొట్టకొచ్చిన నెలలో
జక్రయ్య రొయ్యల చెరువు ఖాళీ చేసుకున్నాడు.
మురుగు కాలువ దాకా గొట్టం వెయ్యాలంటే ఖర్చని
రాత్రికి రాత్రి గట్టు తెగ్గొట్టాడు,
నా ఎకరం ముప్పై సెంట్ల మీదికి.

తెల్లారి చూస్తే చేను పచ్చగానే ఉంది.
వారానికి గాని తెలియలేదు.
ఆకు కొసలు మాడి, నేల ఆరి,
మీద తెల్లటి పొర.
వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను.
ఆ రుచి అక్కణ్ణించి లోపలికి ఎటు దిగిందో
అప్పుడు చూసుకోలేదు.

మందిరంలో పెద్దలు కూర్చోబెట్టారు.
ఇద్దరి చేతులూ కలిపి
"క్షమించావా, శలోమమ్మా?" అన్నారు.
"క్షమించానండి" అన్నాను.
ఎవరో స్తోత్రం అన్నారు. ఎవరో టీలు తెచ్చారు.
అతని చెయ్యి వెచ్చగా ఉంది,
నాది ఐసు పెట్టెలోంచి తీసిన చేపలా ఉంది.

తర్వాత మూడేళ్లు
ప్రభువు నేర్పిన ప్రార్థనలో అప్పుల మాట వచ్చే చోట
కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేదాన్ని.
ఆదివారం రొట్టె
మగాళ్ల వైపు నుంచి మా చాపల వైపు వచ్చేసరికి
అతను తుంచిన పక్క కాకుండా
అవతలి పక్క తుంచుకునేదాన్ని.
దేవుడికి తెలియదనుకున్నానా? తెలుసు.
తెలిసే ఊరుకున్నాడు,
బాకీ అడగడానికొచ్చి
గుమ్మంలో పొద్దుగూకేదాకా
మాట్లాడకుండా కూర్చున్న మనిషిలా.

మొన్న ఆగస్టులో ఒక రాత్రి కరెంటు పోయింది.
జక్రయ్య చెరువులో ఏరేటర్లు ఆగాయి.
ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వస్తుంది.
గట్టెక్కి టార్చి వేశాను.
రొయ్యలన్నీ పైకి తేలి
వేలకు వేలు ఎర్రటి కళ్లు,
గాలి కోసం.
జనరేటరు పాకలో కాపలా కుర్రాడు గురక పెడుతున్నాడు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పను.
నా లోపల ఎవరో పండగ చేసుకుంటున్నారు.
వాళ్ల మొహం చూశాను,
నా మొహమే.
దానికి హడలిపోయి కుర్రాణ్ణి లేపాను,
జాలిపడి కాదు.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి.
ఆ పట్టుబడి డబ్బుతో అతను కొత్త బండి కొన్నాడు.
మా సందులో దాని హారను విన్న రోజు
నాలిక కింద మళ్లీ అదే ఉప్పు.

మా నాన్న ఏలియా అనేవాడు:
చవుడు ఒక్క తడికి పోదే.
నీళ్లు పెట్టు, దమ్ము చెయ్యి, మూణ్ణాళ్లు నిలవుంచు, వదిలెయ్.
మళ్లీ పెట్టు.
ఎన్ని తడులని లెక్కపెట్టకు,
లెక్కపెట్టేవాడి చేలో ఉప్పు దిగదు.

ఈ పొద్దున బోదె తూము పలక ఎత్తాను.
విజ్జేశ్వరంలో బయల్దేరి
ఎన్ని లాకులు దాటిందో, ఎవరెవరి చేలు తడిపిందో,
వండ్రు కలిసిన ఎర్ర నీరు
నన్నేమీ అడక్కుండా లోపలికొచ్చింది.
పిక్కల లోతున నిలబడి
అతని పేరు పైకి అన్నాను.
జక్రయ్య.
పక్కన ఇంకో మాట తగిలించకుండా
పేరు ఒక్కటే అనడం
మూడేళ్లలో ఇదే మొదలు.

మురుగులోకి పోతున్న నిలవ నీళ్లు
దోసిట పట్టి నాలిక్కి తగిలించాను.
ఉంది.
నిన్నటంత లేదు.

సాయంత్రం మళ్లీ పెట్టాలి.